నాలుగు తెరలూ ఒక గంటా

రేపల్లె,
20-6-1994.

ప్రియమైన రిబ్కాకు,

ప్రభువు పేరట శుభములు. ఇక్కడ నేనూ మీ పిన్నీ క్షేమం. నీ ఉత్తరం అందింది. అందులో 'సాయంత్రపు ఎండ హాస్టలు మెట్ల మీద బంగారు చాప పరిచింది' అని రాశావు. మీ పిన్నికి చదివి వినిపిస్తే, "దాని మీద వడియాలు పెట్టుకోవచ్చేమో అడగండి" అంది. నువ్వేమీ అనుకోకు. ఆమెకు నచ్చింది. మళ్ళీ చదవమంది.

ఇక అసలు విషయం. మన టైపు ఇన్‌స్టిట్యూట్ సంగతి నీకు తెలుసు. ఎనిమిది మిషన్లు. ఒకప్పుడు పొద్దున ఆరింటి బ్యాచిలో చోటు దొరక్క పిల్లలు మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు మధ్యాహ్నం బ్యాచికి ముగ్గురే. గుమ్మం దాకా వచ్చినవాళ్ళు కూడా "కంప్యూటరుందా మాస్టారండి?" అని అడిగి, లేదంటే అటునుంచి అటే పోతున్నారు.

ఉన్న ముగ్గురిలో బసవమ్మ అని ఒకామె. ఊరు నిజాంపట్నం. తెల్లవారుజామున వాళ్ళమ్మతో కలిసి చేపలు ఎండబెట్టి, పదిగంటల బస్సెక్కి వస్తుంది. టైపు హయ్యర్ పరీక్ష పాసయింది. చేతుల మీద గుడ్డ కప్పినా తప్పు లేకుండా కొడుతుంది. అక్కడి ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు పెట్టారట. దసరా లోపల వచ్చి, దాని ముందు కూర్చుని ఒక లెటరు కొట్టి చూపిస్తే ఉద్యోగం ఇస్తామన్నారట. "ఎప్పుడు తెస్తారండి మాస్టారూ?" అని రోజూ అడుగుతోంది. నేను తేలేకపోతే ఆమెకు మళ్ళీ ఆ ఎండు చేపలే.

తెనాలిలో వెంకట్రామయ్య గారని కంప్యూటర్లు అమ్మే ఆయన ఉన్నారు. రెండు దారులు చెప్పారు. కంప్యూటరు తీసుకుని దానికి నాలుగు చిన్న మానిటర్లు పెట్టించుకోవడం ఒకటి. లేదా గదంతటికీ కనపడే ఒకే పెద్ద తెర పెట్టించుకోవడం. దేనికైనా మన మిషన్లలో ఆరు వదులుకోవాలి. పాత మిషన్లు కొనే నరసరావుపేట ఆయన సెప్టెంబరు మూడు, శనివారం లారీ తెస్తానన్నాడు. తెనాలికి కూడా ఆ రోజే ఖాయం చేసి చెప్పాలి.

మన కుటుంబంలో కంప్యూటరు నేర్చుకుంటున్నది నువ్వొక్కదానివే. నాలుగా, ఒకటా? రాయి. నేను నీ మాట మీద ఉంటాను.

ఇట్లు,
మీ బాబాయి,
ప్రభుదాస్.

ఈ ఉత్తరం ఎనిమిదో నంబరు తెలుగు మిషను మీద కొట్టాను. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వను.

* * *

బాపట్ల,
26-6-1994.

ప్రియమైన బాబాయ్‌కి,

రిబ్కా వందనాలు. పిన్నికి కూడా వందనాలు. ఆ చాప మీద వడియాలు ఎండవు, అరగంటలో చుట్టేస్తారు అని చెప్పు.

'నేను నీ మాట మీద ఉంటాను' అన్న వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో! ఇంతవరకూ నా మాట మీద ఒక పిల్లికూన కూడా ఉండలేదు. హాస్టల్లో పప్పులో ఉప్పు ఎక్కువైందని నేను చెబితే కూడా ఇంకొకరు రుచి చూసిగానీ నమ్మరు.

నాలుగు తీసుకో బాబాయ్! నాలుగు మానిటర్లంటే నాలుగు కిటికీలు. ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో మనిషి. ఎవరి ఆకాశం వాళ్ళది. టైపులో మాత్రం ఎవరి మిషను వాళ్ళకు లేదా? నువ్వు ఎప్పుడైనా ఒక మిషను ముందు నలుగురిని కూర్చోబెట్టావా?

మా క్లాసు ఎలా ఉంటుందో చెబుతాను. చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ గది, కిటికీలకు మందపాటి తెరలు, గుడిలోకి వెళ్ళినంత నిశ్శబ్దం. నల్లని అద్దం మీద తెల్లని అక్షరాలు చీమల బారులా నడిచొస్తాయి. వాటి ముందు ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. కర్సర్ అంటారు. మనం ఏమీ చేయకపోయినా అది అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది, ఎవరో వస్తారన్నట్టు. నేను దానికి 'ఎదురుచూపు గీత' అని పేరు పెట్టాను. మార్చి నుంచి కొత్త మాటలన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ వారం మాటలు: నిశితం, మినుకు, ఓరచూపు. ఓరచూపుకు కంప్యూటరుతో సంబంధం లేదు, ఊరికే బాగుందని రాసుకున్నాను.

క్లాసు నోట్సు కూడా డెబ్బై పేజీలు దాటింది. మొన్న బ్రహ్మయ్య సార్ దాన్ని ఎత్తి అందరికీ చూపించారు.

నాలుగే. మారు మాట లేదు.

నీ
రిబ్కా.

* * *

రేపల్లె,
11-7-1994.

ప్రియమైన రిబ్కాకు,

శుభములు. నీ ఉత్తరం చదివి గదిలో బల్లలు జరిపి కొలతలు తీశాను. నాలుగు మానిటర్లూ గోడ పొడవునా సరిగ్గా పడతాయి. నాలుగు కిటికీలని నువ్వు రాసింది చెబితే మీ పిన్ని, "కిటికీలు ఎక్కువైతే దోమలొస్తాయి, ఇప్పుడే చెప్తన్నా" అంది.

బసవమ్మకు చెప్పాను. "నాకు గోడ పక్కది ఇవ్వండి మాస్టారూ, ఎవురూ తొంగిచూడకుండా కొట్టుకుంటా" అని ఇప్పుడే చోటు పట్టేసుకుంది.

నాకు కొన్ని సందేహాలు ఉన్నాయి. తీరిక చూసుకుని రాయి.

తెరకు ఎంత దూరంలో కూర్చోవాలి? మన కుర్చీల ఎత్తు సరిపోతుందా? చేతుల మీద గుడ్డ కప్పే పద్ధతి అక్కడ కూడా ఉందా? కప్పితే మీ సార్ ఒప్పుకుంటారా? అన్నిటికన్నా ముఖ్యమైనది: వరుస చివరికి వచ్చేసరికి మన మిషనులా గంట మోగుతుందా? మోగకపోతే ఎక్కడ ఆపి కింది వరుసకు తిప్పాలో పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఇరవై రెండేళ్ళుగా నేను పాఠం చెప్పింది నోటితో కాదు, ఆ గంటతోనే.

మీ సార్‌ను అడగక్కర్లేదు. నీకు తెలిసింది రాస్తే చాలు.

ప్రభుదాస్.

* * *

బాపట్ల,
24-7-1994.

ప్రియమైన బాబాయ్‌కి,

వందనాలు. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది.

నాలుగు వద్దేమో బాబాయ్. ఒక పెద్ద తెర తీసుకో.

ఎందుకంటే, మా క్లాసులో ఒకటే మానిటర్, మేం ముప్పై ఎనిమిది మందిమి. నాది నాలుగో వరుస. నిన్న సార్ చాలా మంచి సంగతి ఏదో చూపించారు, ముందు వరుసంతా "అబ్బ!" అంది. నాకు మాత్రం నా ముందు కూర్చున్న శివపార్వతి జడ కనపడింది. జడలో కనకాంబరాలు కూడా లెక్కపెట్టాను. అదే పెద్ద తెర ఐతే ఆఖరి బల్ల దాకా 'అబ్బ' చేరుతుంది కదా! అందరూ ఒకేసారి చూడడంలో ఒక అందం ఉంది. చర్చిలో అందరం కలిసి ఒకే కీర్తన పాడినట్టు.

కానీ కీర్తనల పుస్తకం ఎవరి చేతిలో వాళ్ళకు ఉంటేనే పాడగలం కదా అని మళ్ళీ అనిపించింది. అప్పుడు నాలుగే సరి. కానీ నలుగురికీ నాలుగు చూపిస్తే, ఐదోవాడు వచ్చినప్పుడు? అప్పుడు ఒకటే సరి. రాత్రి పడుకునేముందు నాలుగు, లేచేసరికి ఒకటి. మెస్సులో కూర్చుని పళ్ళెం వైపు ఒకటి, గ్లాసు వైపు నాలుగు అనుకుంటుంటే శివపార్వతి నా అప్పడం తినేసింది.

నీ సందేహాలు. కుర్చీ ఎత్తు సరిపోతుంది. దూరం ఒక మూర చాలు. గుడ్డ సంగతి తెలియదు. గంట మోగుతుంది బాబాయ్, సన్నగా, పిచ్చుకపిల్ల పలికినట్టు. నాలుగో వరుసకు కూడా వినపడుతుంది.

చివరికి తేల్చి చెబుతున్నాను. ఒకటే. పెద్దది.

నీ
రిబ్కా.

నోట్సు ఎనభై ఆరో పేజీలో ఉంది. వచ్చే వారం రాత పరీక్ష.

* * *

రేపల్లె,
28-8-1994.

ప్రియమైన రిబ్కాకు,

శుభములు. పరీక్షలో మొదటి మార్కు వచ్చిందని మీ నాన్న కబురు చేశాడు. సంతోషం. మీ పిన్ని పూతరేకులు పంపుతానంటోంది.

జూన్‌లో నాలుగన్నావు. జూలైలో ఒకటన్నావు. ఆ ఉత్తరంలోనే మధ్యలో మళ్ళీ నాలుగన్నావు. నేను నీ మాట మీద ఉంటానన్నాను, కానీ నీ మాట ఒకచోట నిలబడితే కదా నేను దాని మీద ఉండటానికి! నీ తప్పని కాదు. నాకు నా మాట కూడా నిలవడం లేదు. పొద్దున బల్లలు గోడ వారకు జరుపుతాను, సాయంత్రం మధ్యకు లాగుతాను. బసవమ్మ మొన్న అడిగేసింది: "ఈ బల్లలకు కాళ్ళు అరిగిపోతన్నాయి మాస్టారూ, ఏంటండి సంగతి?" అని.

అందుకని నిన్న పాసింజరు బండెక్కి తెనాలి వెళ్ళాను, నా కళ్ళతో చూద్దామని.

వెంకట్రామయ్య గారు ముందు పెద్ద తెర చూపించారు. పెద్దదే. అక్షరం ఒక్కొక్కటి అరచేయంత ఉంది. బాగానే ఉందిగానీ సినిమా హాలులో కూర్చున్నట్టు అనిపించింది. తర్వాత నాలుగు మానిటర్లు వరుసగా పెట్టి వెలిగించారు. కొట్లో పనిచేసే కుర్రాడు కాదు, ఆయనే కూర్చుని కొట్టారు. రిబ్కా, అప్పుడు చూడాలి! నాలుగింటి మీదా ఒకటే వరుస, ఒకటే మాట, ఒకటే వేగం. ఒక అక్షరం ముందూ వెనకా లేదు. మన దగ్గర స్పీడు పరీక్షకు అందరికీ ఒకటే పేరా ఇచ్చి, నేను గంట కొట్టగానే ఎనిమిది మిషన్లూ కలిసి మొదలవుతాయి చూడు, అలాగే. కాకపోతే మన ఎనిమిదీ రెండో వరుసకే చెదిరిపోతాయి. ఇవి చెదరలేదు. ఇంత క్రమశిక్షణ నా ఇరవై రెండేళ్ళలో చూడలేదు.

"అన్నింటికీ ఒకటే వచ్చుద్దాండి?" అని అడిగాను.

"ఒకటేనండి మాస్టారూ. తేడా ఉండదు. గ్యారంటీ నాది" అన్నారు.

నేనూ కూర్చుని ఒక వరుస కొట్టి చూశాను. బాగుంది.

కాబట్టి నాలుగే. శనివారం ఖాయం చేసి వస్తాను. ఒక్కటి మాత్రం అడగడం మరిచాను. అక్కడ మానిటర్లు నాలుగున్నా కీబోర్డు ఒకటే కనపడింది. మిగతా మూడూ పెట్టెల్లో ఉండి ఉంటాయని నేననుకున్నాను. నువ్వు ఒకసారి మీ క్లాసులో చూసి, ఏ కీబోర్డు ఏ తెరకు ఎలా తగిలిస్తారో రాయి. లారీ వచ్చేలోగా తెలిస్తే బల్లలకు కన్నాలు వేయించుకుంటాను.

ప్రభుదాస్.

* * *

బాపట్ల,
1-9-1994.

బాబాయ్,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే శనివారం దాటిపోతుంది. రేపు పొద్దున రేపల్లె బస్సు కండక్టరు మత్తయి గారికిచ్చి పంపుతున్నాను. మన సంఘంవారే కదా, నేరుగా నీ చేతికే ఇస్తానన్నారు.

శనివారం ఖాయం చేయవద్దు. నాలుగూ వద్దు, ఒకటీ వద్దు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఏ కీబోర్డు ఏ తెరకు తగిలిస్తారో నా నోట్సు తొంభై రెండు పేజీలూ వెతికాను. లేదు. ఇవాళ సాయంత్రం క్లాసు అయ్యాక సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఒక్కసారి నేను కూర్చుని కొట్టచ్చాండి?"

"నీకెందుకమ్మా, నోట్సంతా వచ్చుగా! ఇది పాడైతే మద్రాసు నుంచి మనిషి రావాలి."

"మా బాబాయి టైపు మాస్టారండి. మెత్తగా కొడతానండి."

సార్ నవ్వి, ఐదు నిమిషాలు అన్నారు.

బాబాయ్, ఆరు నెలల్లో నేను దాని మీద చెయ్యి వేయడం ఇదే మొదటిసారి. ముప్పై ఎనిమిది మందిలో ఎవరూ వేయలేదు. సార్ కొడతారు, మేం చూసి రాసుకుంటాం. కనపడనివాళ్ళం ముందువాళ్ళ పుస్తకం చూసి రాసుకుంటాం. మొదటి మార్కు నాకు చేతిరాతకు వచ్చింది. నీకు జూన్‌లోనే చెప్పాల్సింది. నా మాట మీద ఉంటానన్నావు కదా, ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

సెలవుల్లో నువ్వు నేర్పిన పేరా కొట్టాను. వేళ్ళకు అన్నీ గుర్తున్నాయి. అక్షరాలు అవే చోట్ల ఉన్నాయి, ఒక్కటీ మారలేదు. వరుస చివరికి వచ్చి గంట కోసం ఆగాను. గంట మోగలేదు. చివరి మాట దానంతటదే కింది వరుసలోకి దూకేసింది. నా ఎడమ చెయ్యి మాత్రం మిషను కింది వరుసకు తిప్పడానికి గాల్లోకి లేచి అక్కడే ఉండిపోయింది. వెనకనుంచి శివపార్వతి, "ఎవరికే టాటా చెప్తున్నావు?" అని ఒకటే నవ్వు. నేను నాలుగో వరుస నుంచి విన్న పిచ్చుకపిల్ల గంట కాదు బాబాయ్. సార్ తప్పు మీట నొక్కినప్పుడల్లా అది పెట్టే కీచు.

తర్వాత నాలుగు మానిటర్ల సంగతి అడిగాను. సార్ ఇలా చెప్పారు: "ఒక మనిషి ముందు నాలుగు అద్దాలు పెట్టినట్టమ్మా. అన్నిటిలో కనపడేది ఒకటే. తల దువ్వుకునేది కూడా ఒక్కరే."

"మరి పెద్ద తెరో సార్?"

"అద్దం పెద్దది. అంతే."

తెనాలిలో నువ్వు చూసింది నాలుగు మిషన్లు కాదు. వెంకట్రామయ్య గారి ఒక్కరి వేళ్ళే నాలుగుచోట్ల కనపడ్డాయి. ఆయన అబద్ధం చెప్పలేదు, తేడా ఉండదనే కదా అన్నారు. కీబోర్డు ఒకటే. మిగతా మూడూ పెట్టెల్లో లేవు, ఎక్కడా లేవు. నాలుగు పెట్టినా ఒకటి పెట్టినా ఒకరు కొడుతుంటే మిగతావాళ్ళు చూస్తారు. ఇక్కడ నేను చూసినట్టు. బసవమ్మ గారు గోడ పక్కన కూర్చుని దసరా దాకా చూస్తూనే ఉంటారు. ఐసు ఫ్యాక్టరీలో చూసి చెప్పమనరు కదా, కూర్చుని కొట్టమంటారు.

అప్పుడు ఏం కొనాలో నాకు తెలియదు. ఈసారి తెలియదనే రాస్తున్నాను. నాకు కంప్యూటరు రాదు బాబాయ్. కంప్యూటరు గురించిన మాటలు వచ్చు.

రిబ్కా.

* * *

రేపల్లె,
20-9-1994.

ప్రియమైన రిబ్కాకు,

ప్రభువు పేరట శుభములు. ఆ శుక్రవారం నేను మధ్యాహ్నం బ్యాచికి తలుపులు తీస్తుంటే మత్తయి బస్సు ఆపి, కిటికీలోంచి నీ కవరు నా చేతికిచ్చాడు. "అమ్మాయి చాలా కంగారుగా ఇచ్చిందండి, ఎవరికైనా బాలేదా?" అని అడిగాడు. అందరూ బాగానే ఉన్నారు, నేను ఒక గుంట ముందు ఆగాను, అంతే అన్నాను. అతనికి అర్థం కాలేదు. బస్సులో జనం అరుస్తుంటే వెళ్ళిపోయాడు.

ఒక సంగతి నేనూ దాచాను. తెనాలిలో నేను ఒక వరుస కొట్టానని రాశాను కదా. చివరికి వచ్చేసరికి నా ఎడమ చెయ్యీ గాల్లోకి లేచింది. నేను నమస్కారం పెడుతున్నాననుకుని వెంకట్రామయ్య గారు తనూ చెయ్యెత్తారు. గంట లేదని ఆ రోజే తెలిసింది. నువ్వు దాని ముందు ఎప్పుడూ కూర్చోలేదని కూడా తెలిసింది. కూర్చున్న మనిషి గంట సంగతి పొరపడదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నీ ఉత్తరాలు గుర్తు చేసుకున్నాను. వాటిలో అంతా చూసిందే ఉంది, నొక్కింది ఒక్కటీ లేదు.

అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు ఇంకో మంచి మాట వెతుక్కుంటావేమో అనిపించింది. అందుకే కీబోర్డు ఎలా తగిలిస్తారో చూసి రాయమన్నాను. దానికి లేచి వెళ్ళి చూడక తప్పదు. నాలుగు తెరల సంగతి మాత్రం ఒట్టు, నాకు నిజంగా తెలియదు. ఒకటే పేరా నాలుగుచోట్ల కనపడితే నాలుగు జతల చేతులు ఉన్నాయనే అనుకున్నాను. టైపు మాస్టారుకు ఇంకోలా ఎలా తోస్తుంది? నువ్వు రాయకపోతే నేను నాలుగు అద్దాలు కొనుక్కొచ్చి, ఆరు మిషన్లు పోగొట్టుకుని కూర్చునేవాణ్ణి.

మర్నాడు శనివారం తెనాలి వెళ్ళి, మామూలు కంప్యూటరు ఒకటి, దానితో వచ్చే చిన్న మానిటరే చాలన్నాను. "అంతేనా మాస్టారూ?" అని వెంకట్రామయ్య గారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. దానికి రెండు మిషన్లు వదులుకుంటే సరిపోయింది. నరసరావుపేట ఆయనకు మాత్రం కోపం వచ్చింది. "రెండింటికి లారీ ఏంటండి, రిక్షా చాలదూ!" అన్నాడు. మీ పిన్ని మజ్జిగిచ్చి చల్లబరిచింది.

ఇప్పుడు మన పద్ధతి ఇది. కంప్యూటరు ముందు ఒక్కరే, అరగంట. ఆ అరగంట ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు, నేను కూడా. మిగతావాళ్ళు తమ వంతు వచ్చేదాకా టైపు మిషన్ల మీద కొడుతూ ఉంటారు. అక్షరాలు అవే చోట్ల ఉన్నాయని నువ్వే రాశావుగా. మొదటి అరగంట బసవమ్మది. మొదటి రోజు ఆమె చెయ్యి కూడా గాల్లోకి లేచింది. మేమెవరం నవ్వలేదు. ఇప్పుడు లేవడం లేదు. వచ్చే నెల మొదట్లో ఐసు ఫ్యాక్టరీకి వెళుతుంది. ఏమవుతుందో తెలియదు. "ఇయ్యకపోతే ఇంకో ఆఫీసు ఉండదేంటండి?" అంటోంది. జూన్‌లో ఆమె ఇలా మాట్లాడేది కాదు.

ఆమెకు ఒక ఇబ్బంది ఉంది. వేళ్ళు పరుగెత్తుతున్నాయి గానీ, ఏ పనికి ఏం కొట్టాలో గుర్తుండదు. నాకు అంతకన్నా తెలియదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి రా. నీ తొంభై రెండు పేజీలూ తీసుకురా. నువ్వు చదువు, ఆమె కొడుతుంది. తర్వాత అరగంట నీది. నువ్వు కొట్టు, ఆమె చదువుతుంది. ఆ ఎదురుచూపు గీత ఇక్కడ కూడా ఉంది. మీ పిన్ని రోజూ సాయంత్రం వచ్చి దాన్ని చూసి పోతోంది.

ఇంకొక్కటి. ఏడో నంబరు మిషను ఎటూ పనికిరాదని దాని గంట ఊడదీసి కంప్యూటరు బల్లకు బిగించాను. అరగంట అయ్యాక నేనే కొడతాను, వంతు మారడానికి. ఇక ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పుకో. మా బాబాయి కంప్యూటరుకు గంట మోగుతుంది.

ప్రభుదాస్.